వెనక్కి తీసుకున్నది ఒక మాత్ర, ఆయన మానేసినవి మూడు

ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. క్లుప్తంగా సంగతి ఇది.

ఆమె భర్తకు 53 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా బీపీ, ఐదేళ్లుగా షుగర్. రోజూ మూడు రకాల మందులు: సార్టాన్ రకం బీపీ మాత్ర ఒకటి, గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ ఒకటి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్. తెచ్చేదీ, వేళకు చేతిలో పెట్టేదీ ఆమే. పన్నెండు రోజుల కిందట బంధువుల గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఆయన వాడే బీపీ మాత్రలో క్యాన్సర్ కలిగించే పదార్థం దొరికిందనీ, కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంటోందనీ అందులో ఉంది. వెతికి చూస్తే వార్త నిజమే. అదే కంపెనీ, అదే మాత్ర, కొన్ని బ్యాచ్‌లు. ఆయన ఆ రాత్రే ఇంట్లో ఉన్న మందులన్నీ చెత్తబుట్టలో పడేశారు. "ఒకదాంట్లో విషం ఉన్నప్పుడు మిగతావాటిలో లేదని ఎవరు చెప్పొచ్చారు?" అన్నారట. అప్పటి నుంచి ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు.

మానేసిన మొదట్లో 148/92 ఉన్న బీపీ ఇప్పుడు ఇంట్లో మెషిన్‌తో చూస్తే 172/104. తల బరువుగా ఉందంటున్నారు. ఆమె ఒక సగం స్ట్రిప్ తీసి దాచారు గానీ బ్యాచ్ నంబరు ఉండే అంచు చిరిగిపోయింది. మందుల షాపులో అడిగితే "మాకేం తెలియదు, కావాలంటే వేరే కంపెనీది ఇస్తాం" అన్నారు. డాక్టర్ దగ్గరికి రమ్మంటే ఆయన "రాసింది ఆయనే కదా" అంటున్నారు. మామగారు పక్షవాతంతో పోయారు. అత్తగారు కూడా అదే మాత్రను వేరే కంపెనీది వాడుతున్నారు, ఇప్పుడు ఆవిడా మానేస్తానంటున్నారు. ఉత్తరం చివర ఇలా ఉంది: "ఇన్నేళ్లూ నా చేత్తో నేనే ఇచ్చాను. రేపు ఆయనకు క్యాన్సర్ వస్తే ఆ పాపం నాదేనా? ఇప్పుడు మళ్లీ ఆ మాత్ర ఇమ్మంటారా, వద్దంటారా?"

అమ్మా,

మీ ఉత్తరం అందిన రోజే రెండు ముక్కల్లో జవాబు పంపాను. ఈ రోజే డాక్టర్‌తో మాట్లాడండి, పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగకండి అని. ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీలాంటి పరిస్థితిలో ఉన్న ఇళ్లు చాలానే ఉంటాయి.

ముందు ఒక మాట. ఆయనకు ఛాతీలో నొప్పి లేదా బరువు, ఊపిరి అందకపోవడం, మాట తడబడటం, ముఖం గానీ చెయ్యి గానీ ఒక పక్క పడిపోయినట్టు ఉండటం, చూపు మసకబారడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అంబులెన్స్‌ను పిలవాల్సిందే. బీపీ 180/120 దాటి వీటిలో ఏదైనా తోడైతే క్షణం ఆలోచించవద్దు. ఏ లక్షణమూ లేకుండా అంత అంకె కనిపిస్తే ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఇక మీ ప్రశ్న. "ఆ మాత్ర ఇవ్వాలా వద్దా" అని అడిగారు. ఉత్తరం రెండోసారి చదివితే నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ మాత్ర కాదు, మెటోప్రొలాల్. దాన్ని ఎవరూ వెనక్కి పిలవలేదు. ఆయన కోపంలో అదీ బుట్టలోకి పోయింది. ఈ రకం మందులు రోజూ వాడుతుంటే గుండె వాటికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ, గుండె వేగం ఎగబాకవచ్చు. గుండె జబ్బు ఉన్నవాళ్లలో గుండెపోటు కూడా రావచ్చు. మానాలంటే ఒకటి రెండు వారాల పాటు డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలని ఆ మందు కాగితంలోనే హెచ్చరిక ఉంటుంది. పన్నెండు రోజులు ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు మీరే పాత డోసులో మొదలుపెట్టకండి. నాడి మరీ నెమ్మదించవచ్చు. ఎంతతో మొదలుపెట్టాలో డాక్టర్ చెప్పాలి. పోయిన రోజుల మాత్రలు కలిపి వేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. షుగర్ మాత్ర ఆగిపోయింది కాబట్టి రక్తంలో షుగర్ ఎంతుందో కూడా ఈ రోజే చూడండి.

మీ వారికి ఈ మాట చేరాలి: కంపెనీ వెనక్కి తీసుకున్నది ఒక మాత్రలో కొన్ని బ్యాచ్‌లు. ఆయన మానేసింది మొత్తం వైద్యం.

అయితే ఆయన అనుమానాన్ని తెలివితక్కువతనమని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. 2018 జూలైలో వాల్సార్టాన్ అనే బీపీ మాత్రలో ఎన్‌డీఎంఏ అనే పదార్థం బయటపడింది. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో ఉన్నది అది. మూల పదార్థం తయారుచేసే చైనా కంపెనీ ఒకటి 2012లో తయారీ పద్ధతి మార్చుకుంది. ఆ కొత్త పద్ధతిలో ఇది పుడుతోందని ఏళ్ల తరబడి ఎవరూ కనిపెట్టలేదు. తర్వాత లోసార్టాన్, ఇర్బెసార్టాన్ బ్యాచ్‌లు కొన్నింటిలోనూ ఇలాంటివే దొరికాయి. 2020లో నెమ్మదిగా విడుదలయ్యే రకం మెట్‌ఫార్మిన్‌ను కూడా కొన్ని కంపెనీలు ఇదే కారణంతో వెనక్కి తీసుకున్నాయి. కాబట్టి "మిగతావాటిలో లేదని ఏమిటి నమ్మకం" అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు బ్యాచ్ నంబరు సరిచూసుకోవడంలో దొరుకుతుంది, చెత్తబుట్టలో దొరకదు.

2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రోగులకు ఏం చెప్పిందో చూడండి. మీ మాత్ర రీకాల్ అయిన, అంటే కంపెనీ వెనక్కి పిలిచిన బ్యాచ్‌లో ఉన్నా సరే, బదులు మందు చేతికి వచ్చేదాకా దాన్నే వేసుకుంటూ ఉండండి, మానకండి అంది. మొదటిసారి చదివినప్పుడు నాకూ వింతగా తోచింది. లోపం ఉందని ఒప్పుకున్న మాత్రను వేసుకోమనడం ఏమిటి? లెక్క చూస్తే అర్థమైంది. వాల్సార్టాన్‌లో అతి పెద్ద డోసు, 320 మిల్లీగ్రాములు, కలుషితమైన బ్యాచ్‌ల నుంచే రోజూ నాలుగేళ్ల పాటు 8,000 మంది వేసుకుంటే, వాళ్లందరి జీవితకాలంలో మామూలుగా వచ్చేవాటికి తోడు ఇంకొక్క క్యాన్సర్ కేసు రావచ్చని వాళ్లు అంచనా వేశారు. అదీ అన్నిటికంటే చెడ్డ పరిస్థితి ఊహించుకుని వేసిన లెక్క. చాలామంది లోపలికి వెళ్లినది అంతకంటే బాగా తక్కువ. ఆ ప్రమాదం ఏళ్ల మీద పరుచుకుని ఉంటుంది. బీపీ మందు ఆపితే వచ్చే ప్రమాదం రోజుల్లో వస్తుంది.

రావడమూ వచ్చింది. కెనడాలోని ఒంటారియోలో వాల్సార్టాన్ వాడుతున్నవాళ్ల వివరాలు తర్వాత పరిశీలించారు. రీకాల్ ప్రకటించిన మొదటి నెలలో అధిక బీపీతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు అంతకుముందు కంటే సగానికి పైగా పెరిగారు. మొత్తం మీద వాళ్ల సంఖ్య చిన్నదే, కానీ పెరుగుదల స్పష్టంగా ఉంది. మీ ఇంట్లో 148 నుంచి 172కి ఎక్కిన అంకె కూడా ఆ కోవలోదే.

అన్ని రీకాల్‌లూ ఇలా ఉండవు, దీన్ని కూడా గట్టిగా చెప్పాలి. 2023లో అమెరికాలో ఒక రకం కంటి చుక్కల మందులో మొండి బ్యాక్టీరియా చేరింది. నలుగురు చనిపోయారు, 14 మందికి చూపు పోయింది. అలాంటి మందును మరో చుక్క కూడా వేసుకోకూడదు. ఇంజెక్షన్‌లో సూక్ష్మజీవులున్నా, ఒక మందు డబ్బాలో వేరే మందు కలిసినా, మాత్ర మీద రాసిన బలం ఒకటి లోపల ఉన్నది ఒకటి అయినా వెంటనే ఆపి, ఆ రోజే ఫోన్ చేసి బదులు తెచ్చుకోవాలి. ప్రాణం నిలబెట్టే ఇన్‌హేలర్, అలర్జీకి పొడుచుకునే ఇంజెక్షన్ వంటివాటి సంగతి వేరు. వాటిలో లోపమున్నా కొత్తది చేతికి వచ్చేదాకా పాతదాన్ని పారేయకుండా దగ్గర ఉంచుకోమనే సాధారణంగా చెబుతారు, అసలు లేకపోవడం కంటే అది మేలు కనుక. అందుకే రీకాల్ అన్న ఒక్క మాట విని ఏమీ నిర్ణయించకూడదు. కంపెనీ గానీ నియంత్రణ సంస్థ గానీ ఇచ్చే అసలు ప్రకటనలో కారణం ఉంటుంది, ఏయే బ్యాచ్‌లన్నది ఉంటుంది, రోగులు ఆపాలో కొనసాగించాలో కూడా ఉంటుంది. కొన్ని రీకాల్‌లు షాపుల వరకే పరిమితం. లేబుల్ మీద అచ్చు తప్పు లాంటివాటికి రోగి ఇంట్లో ఉన్నదాన్ని వెనక్కి అడగరు కూడా. గ్రూపుల్లో తిరిగే మెసేజ్‌లో ఇవేవీ ఉండవు. ఏ దేశానిదో, ఏ సంవత్సరానిదో కూడా తెలియని వార్త కొత్తదిలా తిరుగుతూ ఉంటుంది. మీరు వెతికి నిర్ధారించుకున్నారు, చాలా మంచి పని చేశారు.

ఇక ఆ చిరిగిన స్ట్రిప్. మామూలుగా బ్యాచ్ నంబరు, గడువు తేదీ స్ట్రిప్‌లో ఒక చివర అచ్చు వేస్తారు. సగం కత్తిరించి ఇచ్చినప్పుడు అది ఎవరి వాటాకో పోతుంది. మందులు కొన్న బిల్లు చూడండి, చాలా బిల్లుల్లో ప్రతి మందు పక్కనా బ్యాచ్ నంబరు ఉంటుంది. బిల్లు లేకపోతే షాపు కంప్యూటర్‌లో మీ పేరు మీదో ఫోన్ నంబరు మీదో దొరకవచ్చు. "మాకేం తెలియదు" అన్న మనిషిని కాకుండా ఫార్మసిస్టు ఎవరో కనుక్కుని ఆయన్నే అడగండి, ఆ నెల తేదీ చెప్పి ఏ బ్యాచ్ అమ్మారో చూడమనండి. ఎక్కడా దొరకకపోతే అది రీకాల్ అయినదేనని అనుకుని మార్చుకోవడం క్షేమం. దాచిన స్ట్రిప్‌ను రెండు వైపులా ఫోటో తీసి ఉంచుకోండి. పారేసినవి ఇంకా ఇంట్లోనే ఉంటే పిల్లలకూ జంతువులకూ అందకుండా ఒక కవర్లో కట్టి షాపుకే తిరిగి ఇవ్వండి. మరుగుదొడ్డిలో పోయకండి, నీళ్లలో కలుస్తాయి.

షాపు మీద మీకు కోపం వచ్చిందని రాశారు. నేను ఫార్మసిస్టుగా పని మొదలుపెట్టిన రోజుల్లో ఒకసారి మేం పనిచేసే చోటికి రీకాల్ కాగితం వచ్చింది. అరల్లో ఉన్న డబ్బాలు లెక్కపెట్టి తిప్పి పంపేశాం. అప్పటికే కొనుక్కుని వెళ్లినవాళ్ల సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. మూడు వారాల తర్వాత ఒక పెద్దాయన అదే బ్యాచ్ స్ట్రిప్ పట్టుకుని "ఇలాంటివే ఇంకో పది ఇవ్వమ్మా" అని వచ్చారు. ఆ స్ట్రిప్ చూసినప్పుడు నా చేతులు చల్లబడిపోయాయి. అందుకే ఇప్పుడు నాకు తెలిసిన ప్రతి ఫార్మసిస్టుకూ చెబుతాను, ముందు అరలు కాదు, ఫోన్ నంబర్లు తీయండి అని. మీ కోపం న్యాయమైనదే. డాక్టర్ మీద మాత్రం ఆ కోపం వద్దు. చీటీ మీద ఆయన రాసేది మందు పేరు, బలం. మీకు ఏ బ్యాచ్ అందిందో ఆయనకు తెలిసే దారి లేదు. రీకాల్ కబురు కంపెనీ నుంచి డీలర్లకు, వాళ్ల నుంచి షాపులకు వెళ్తుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లాక ఏం జరగవచ్చో చెబుతాను, ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. ఎక్కువగా జరిగేది అదే మందును వేరే కంపెనీది, లేదా రీకాల్‌లో లేని బ్యాచ్‌ది ఇవ్వడం. మీకు అన్నిటికన్నా సులువైనది ఇదే. శరీరానికి కొత్త మందు కాదు, డోసు లెక్క మారదు. రంగు, ఆకారం మారతాయి కాబట్టి పాతదానితో కలిపి రెండూ వేసేసే పొరపాటు జరగకుండా చూసుకోవాలి. ఒకవేళ ఆ మందు కొంతకాలం దొరక్కపోతే అదే కుటుంబంలో ఇంకొకటి రాస్తారు. ఇక్కడ మిల్లీగ్రాముల అంకెను పోల్చకండి. లోసార్టాన్ మామూలుగా 50తో మొదలుపెడతారు, టెల్మిసార్టాన్ 40తో. అంకె తగ్గిందని మందు బలం తగ్గినట్టు కాదు. మార్చాక కొన్ని వారాలు ఇంట్లో బీపీ రాసుకోవాలి, రక్తంలో పొటాషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒకసారి చూడమంటారు. మూడోది పూర్తిగా వేరే జాతి మందు. అమ్లోడిపిన్ అయితే కొందరికి పాదాలు వాస్తాయి, పేరు చివర "ప్రిల్" ఉండే మందులైతే కొందరిని పొడి దగ్గు వేధిస్తుంది. మీ వారికి షుగర్ కూడా ఉంది. మూత్రంలో ప్రొటీన్ పోతుంటే సార్టాన్ మందులు మూత్రపిండాలను కాపాడతాయి, ఆయనకు దాన్ని అందుకే రాసి ఉండవచ్చు. కాబట్టి "ఈ జాతే వద్దు" అని ఆయన పట్టుబడితే ఏం కోల్పోతారో డాక్టర్‌ను అడిగి తెలుసుకుని అప్పుడు తేల్చుకోండి. అసలు ఏ మందూ వద్దనడం కూడా ఒక దారే అని ఆయన అనుకుంటున్నారు. ఆ దారి ఎక్కడికి పోతుందో మామగారి విషయంలో మీ ఇల్లు చూసింది.

ఆ మాట ఆయనతో మీరు అనకండి. భయంతో ఉన్న మనిషిని ఇంకో భయంతో కదిలించలేం. పైకి కోపంలా కనబడుతున్నా ఆయనకు కలిగింది మోసపోయిన బాధ అని నాకనిపిస్తోంది. ఎనిమిదేళ్లు నమ్మకంగా మింగిన మాత్ర అది. "మీరు భయపడింది నిజమే, వార్త నిజమే" అని ముందు ఒప్పుకోండి. తర్వాత పని ఆయన చేతికే ఇవ్వండి. రీకాల్ ప్రకటన తెరిచి బ్యాచ్ నంబర్లు ఆయన్నే సరిచూడమనండి. మెటోప్రొలాల్, మెట్‌ఫార్మిన్ పేర్లు కూడా ఆయన్నే వెతకమనండి. కొత్త స్ట్రిప్ కొన్నప్పుడల్లా నంబరు ఆయనే ఒక పుస్తకంలో రాసుకోవచ్చు. అప్పటికీ డాక్టర్ దగ్గరికి రానంటే మీరు ఒక్కరే వెళ్లండి. బీపీ అంకెలు తేదీలతో రాసిన కాగితం, పాత చీటీలు తీసుకెళ్లండి. డాక్టర్ ఫోన్లో ఆయనతో నేరుగా మాట్లాడితే చాలాసార్లు ముడి విడిపోతుంది. వేరే డాక్టర్‌ను చూపిద్దామన్నా తప్పు లేదు. ఆలస్యం కావడమే తప్పు.

క్యాన్సర్ స్కాన్ తీయించాలా అని కూడా అడిగారు. ఇంత చిన్న ప్రమాదాన్ని పట్టి చూపే స్కాన్ ఏదీ లేదు. వయసును బట్టి అందరికీ చెప్పే పరీక్షలు చేయించుకుంటే సరిపోతుంది. రీకాల్ అయిన మందు వల్ల ఏదైనా ఇబ్బంది కలిగిందని అనిపిస్తే డాక్టర్ ద్వారా గానీ, మీరే గానీ నియంత్రణ సంస్థకు తెలియజేయవచ్చు. పరిహారం కోసం పోరాడాలని మీ అబ్బాయి అంటున్నాడని రాశారు. అది మీ హక్కు. కానీ ఏళ్లు పడుతుంది, ఈ మాత్ర వల్లే ఈ జబ్బు అని రుజువు చేయడం చాలా కష్టం. తేల్చుకునేదాకా బిల్లులు, ఫోటోలు భద్రంగా ఉంచుకోండి. ఆ గొడవ నడుస్తుంటే వైద్యం మాత్రం దానికోసం ఆగకూడదు.

ఇప్పుడు మీరు చివర రాసిన మాట. "నా చేత్తో నేనే ఇచ్చాను" అన్నారు. మీ చేత్తో మీరిచ్చినది బీపీని ఎనిమిదేళ్లు అదుపులో ఉంచిన మందు. తండ్రికి వచ్చిన జబ్బు కొడుకును తాకకుండా ఆగింది అందువల్ల కూడా. పైగా వెనక్కి పిలిచినవి కొన్ని బ్యాచ్‌లే. మామూలుగా ఒక బ్యాచ్ గడువు రెండు మూడేళ్లకు మించదు, కాబట్టి ఇన్నేళ్లూ మీరిచ్చినవన్నీ అవే అయ్యుండే అవకాశం లేదు. యంత్రాలు, ప్రయోగశాలలు ఉన్నవాళ్లే కొన్నిసార్లు ఏళ్ల తరబడి పట్టుకోలేని లోపం స్ట్రిప్ చించే మీ వేళ్లకు ఎలా తెలుస్తుంది? ఇందులో పాపం మీది కాదు. నిద్ర పట్టడం లేదన్న సంగతి డాక్టర్‌తో చెప్పండి, మీ వారి గురించి మాట్లాడటానికి వెళ్లినప్పుడే మీ గురించి కూడా ఐదు నిమిషాలు అడగండి.

అత్తగారి విషయం చిన్నది. ఆవిడది వేరే కంపెనీ. స్ట్రిప్ మీద నంబరు రీకాల్ జాబితాలో లేకపోతే ఆవిడ మాత్ర ఆవిడ వేసుకుంటూ ఉండాలి. ఈ రాత్రి మాత్ర ఇచ్చేముందు మీరే ఆ స్ట్రిప్ తిప్పి చూసి, నంబరు ఆవిడకు పైకి చదివి వినిపించండి. మీ వారు కూడా పక్కనే ఉంటే ఇంకా మంచిది.